గోడ కట్టకుండా హాలును విభజించుకోవడం ఎలా: వెలుగుతో, ఖాళీతో

ఇప్పటి అపార్ట్‌మెంట్లలో చాలావరకు తలుపు తీయగానే నేరుగా హాల్లోకి వస్తాము. అక్కడే చెప్పుల స్టాండు, అక్కడే భోజనాల బల్ల, అక్కడే సోఫా, టీవీ, పిల్లల పుస్తకాలు, చివరన బాల్కనీ ఉంటాయి. ఒకే గదిలో ఇన్ని పనులు జరగవలసి వచ్చినప్పుడు వాటి మధ్య ఏదో ఒక అడ్డు ఉంటే బాగుండునని అనిపించడం సహజమే. అందుకే ఇంటీరియర్ పని మొదలుపెట్టగానే చాలామంది చెక్క జాలీనో గాజు పార్టిషన్‌నో అడుగుతారు. అది నిలబెట్టిన మరునాటి నుంచి భోజనాల బల్ల దగ్గర పట్టపగలు కూడా లైటు వేయవలసి వస్తుంది, బాల్కనీ నుంచి వచ్చే గాలి సోఫా దాటి లోపలికి రాదు, పండగకు పదిమంది చుట్టాలు వస్తే కూర్చోబెట్టడానికి చోటు చాలదు.

మన పాత ఇళ్లలో ఈ సమస్యకు చక్కని పరిష్కారం ఉండేది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లను చూసినవారికి అది తెలుసు. నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న చోటు, దాని చుట్టూ స్తంభాల మీద నిలిచిన పెంకుల కప్పు, ఆ కప్పు కింద వసారా, వెనుక గదులు. బియ్యం ఏరుకొనేవారు మండువా అంచున వెలుగులో కూర్చొనేవారు, మధ్యాహ్నం నడుము వాల్చేవారు లోపలి నీడలోకి జరిగేవారు. వసారాకూ వసారాకూ మధ్య గోడ లేకపోయినా, ఎవరు ఎక్కడ కూర్చోవాలో వెలుగే చెప్పేది. ఈ పద్ధతిని 11 అడుగుల వెడల్పు ఉన్న అపార్ట్‌మెంట్ హాల్లో కూడా అమలు చేయవచ్చు. హాలంతా ఒకే స్థాయిలో వెలుగుతూ ఉంటే కంటికి అది ఒకే గదిగా కనబడుతుంది. వెలుగులో హెచ్చుతగ్గులు ఉండి, ఆ తగ్గిన చోటనే నేల కూడా ఖాళీగా ఉంటే కన్ను అక్కడ తనంతట తానే ఒక హద్దు గీసుకుంటుంది. కింద చెప్పే పనులన్నీ ఈ ఒక్క సూత్రం మీదనే నడుస్తాయి.

అర్థం కావడానికి వీలుగా హైదరాబాదులోని మా హాలునే ఉదాహరణగా తీసుకుంటాను. వెడల్పు 11 అడుగులు, పొడవు 22 అడుగులు. తూర్పు చివర గుమ్మం, పడమర చివర బాల్కనీ, ఉత్తరపు గోడలో వంటగదికీ పడకగదులకూ దారి. మీ హాలు దిక్కులు వేరైతే కొలతలను, వరుసను దానికి తగినట్టు మార్చుకోండి.

మొదటి పని: ఒక రోజంతా వెలుగును గమనించండి

ఏదీ కొనకముందు, ఏదీ జరపకముందు ఒక సెలవురోజు హాల్లో కరెంటు లైటు వేయకుండా గడపండి. ఉదయం 7, 10, మధ్యాహ్నం 1, సాయంత్రం 4, 6 గంటలకు, అంటే మొత్తం ఐదుసార్లు, నేల మీద ఎండ ఎక్కడిదాకా పడిందో సుద్దముక్కతో గీత గీయండి. ఎండ పడకపోయినా పేపరు చదవగలిగేంత వెలుగు ఎక్కడితో ఆగిపోయిందో ఆ చోటును మరో గీతతో గుర్తించండి. పేపరు చేతిలో పట్టుకొని బాల్కనీ నుంచి గుమ్మం వైపు మెల్లగా నడిస్తే ఒక చోట చిన్న అక్షరాలు కంటికి శ్రమ ఇవ్వడం మొదలుపెడతాయి. ఆ చోటే మీ పగటి వెలుగు సరిహద్దు.

కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం వరకు పగటి వెలుగు పనికివచ్చేంతగా లోపలికి వస్తుందన్నది భవన నిర్మాణంలో వాడుకలో ఉన్న లెక్క. మన ఇళ్లలో లింటెల్, అంటే కిటికీ పైన వేసే దూలం, సాధారణంగా 7 అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి ఆ దూరం 14 నుంచి 17 అడుగులు అవుతుంది. ముందు బాల్కనీ కప్పు ఉంటే ఇంకొంత తగ్గుతుంది. కనుక 22 అడుగుల హాల్లో గుమ్మం వైపున్న చివరి భాగం పగలైనా చీకటిగానే ఉంటుంది. అది హాలు లోపమేమీ కాదు. ఎక్కువసేపు కూర్చోనక్కరలేని పనిని ఆ చోటుకు పంపమని హాలు ఇస్తున్న సూచనగా తీసుకోండి.

దిక్కుల సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చల్లని దేశాల వారి పుస్తకాలలోని సలహాలు మన అక్షాంశానికి సరిపడవు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కొద్దిగా పైన ఉంది. మే రెండో వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ రెండు రోజుల మధ్యకాలంలో మధ్యాహ్నం వేళ సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరం వైపు ఉంటాడు. అందువల్ల వేసవి మధ్యాహ్నం దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలికి రాదు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి అదే కిటికీలోంచి ఎండ హాల్లోకి హాయిగా వస్తుంది. అసలు ఇబ్బంది పడమటి కిటికీది. సాయంత్రం వేళ సూర్యుడు కిందికి దిగినకొద్దీ ఎండ ఏటవాలుగా మారి, బాల్కనీ కప్పు 4 అడుగులు ముందుకు ఉన్నా దాని కిందినుంచి దూరి భోజనాల బల్ల దాకా వస్తుంది. మా హాల్లో గీసిన 4 గంటల గీత సోఫా మధ్యలో ఉంటే, ఎండాకాలంలో ఐదున్నరకు అది ఫ్రిజ్ తలుపును తాకింది.

రెండో పని: సామాను పేర్లకు బదులు పనుల పేర్లు రాయండి

ఒక కాగితం మీద సోఫా, టీవీ, షోకేసు అని రాయడం మొదలుపెడితే సామాను సర్దడమే జరుగుతుంది. అందుకు బదులు ఇంట్లో ఎవరు, ఏ వేళ, హాల్లో ఏ పని చేస్తున్నారో రాయండి. ఉదయం అత్తయ్యగారు కూరగాయలు తరుగుతూ టీవీ చూస్తారు, బాబు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు చదువుతాడు, రాత్రి అందరం కలిసి తింటాము, ఇంటినుంచి ఉద్యోగం చేసే రోజుల్లో వీడియో కాల్ ఉంటుంది, అన్నట్టుగా ఉండాలి ఆ జాబితా. తర్వాత పక్కనే, ఆ పనికి సూటి వెలుగు కావాలా, మెత్తని వెలుగు చాలునా అన్నది రాసుకోండి.

ఇలా రాస్తే చాలా ఇళ్లలో నాలుగు స్థలాలు తేలుతాయి: గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోటు, భోజనం చోటు, కూర్చొని మాట్లాడుకొనే చోటు, చదువుకొనే చోటు. ఐదోదాన్ని ఎవరూ రాయరు, అది ఏమీ ఉంచని చోటు. దాన్ని కూడా జాబితాలో పేరు పెట్టి రాయండి. సత్యనారాయణ వ్రతానికి పీట వేయడానికి, పేరంటాళ్లు చాప మీద కూర్చోవడానికి, సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టడానికి, రోజూ పసిపిల్లలు పాకడానికి కావలసిన స్థలం అదే. పేరు లేని ఖాళీని ఆరు నెలల్లో ఏదో ఒక అట్టపెట్టె ఆక్రమిస్తుంది.

మూడో పని: ముందు ఖాళీని గీయండి, తర్వాత సామాను

ముగ్గుపిండి తీసుకోండి. తుడిస్తే పోతుంది, నాలుగు రోజులు ఉంచుకోనూవచ్చు. ముందుగా నడిచే దారిని గీయండి. గుమ్మం నుంచి వంటగదికి, పడకగదులకు, బాల్కనీకి వెళ్లే దారి 3 అడుగుల వెడల్పు ఉండాలి. గ్యాస్ సిలిండరు మోసుకువచ్చే మనిషి, చేతికర్ర పట్టుకొన్న పెద్దవారు ఇబ్బంది లేకుండా నడవాలంటే అంతకంటే తగ్గించకూడదు. ఆ దారి గీశాక మిగిలిన చోటులోనే సామాను పెట్టుకోవాలి. ఈ వరుస తలకిందులైతే సోఫాల మధ్య మిగిలిన సందునే దారి అనుకోవలసి వస్తుంది.

మా హాల్లో 22 అడుగుల పొడవును ఇలా పంచాము. గుమ్మం నుంచి 4 అడుగులు చెప్పులు విడిచే చోటుకు, ఆ తర్వాత 7 అడుగులు భోజనానికి, 2 అడుగులు ఏమీ లేని నేల, మిగిలిన 9 అడుగులు బాల్కనీ వరకు కూర్చోవడానికీ చదువుకోవడానికీ. వెడల్పు లెక్క కూడా చూడండి. భోజనాల దగ్గర దక్షిణపు గోడ నుంచి కుర్చీ వెనక్కి జరగడానికి రెండున్నర అడుగులు, బల్ల 3 అడుగులు, ఇవతలి కుర్చీకి మళ్లీ రెండున్నర అడుగులు, దారికి 3 అడుగులు, మొత్తం సరిగ్గా 11. కూర్చొనే చోట దక్షిణపు గోడకు ఆనించిన సోఫా లోతు 3 అడుగులు, టీపాయ్‌కూ దానికీ మధ్య ఒకటిన్నర అడుగు, టీపాయ్ 2 అడుగులు, దారికి 3 అడుగులు, ఉత్తరపు గోడన టీవీ యూనిట్ ఒకటిన్నర అడుగు, ఇదీ 11. అంగుళం కూడా మిగలని ఈ లెక్క చూశాక, దుకాణంలో ఎంతో నచ్చిన ఎల్ ఆకారపు సోఫాను మేము వదులుకున్నాము. మీరు కూడా సోఫా కొనబోయే ముందు దాని కొలతను ముగ్గుతో గీసి, దాని చుట్టూ రెండు రోజులు నడిచి చూడండి.

నడుమనున్న ఆ 2 అడుగుల నేల చూడడానికి వృథాగా అనిపిస్తుంది. భోజనాన్నీ కూర్చొనే చోటునూ విడదీసేది అదే. అక్కడ పూలకుండీ కూడా పెట్టకండి. పండగ రోజు టీపాయ్‌ను గోడవారకు జరిపితే ఈ 2 అడుగులూ, టీపాయ్ చోటూ కలిసి వ్రతపీటకు సరిపోయే ఖాళీ వస్తుంది.

చదువు బల్లను ఉత్తరపు గోడకు ఆనించి, టీవీ యూనిట్ పక్కన బాల్కనీ దగ్గర పెట్టాము. కుడిచేత్తో రాసేవారికి వెలుగు ఎడమవైపు నుంచి రావాలి, అప్పుడే రాస్తున్న అక్షరం మీద చేతినీడ పడదు. ఉత్తరముఖంగా కూర్చుంటే పడమటి బాల్కనీ ఎడమచేతి వైపు వస్తుంది. అదే బల్లను ఎదుటి గోడకు పెట్టి ఉంటే ప్రతి అక్షరం మీదా నీడ పడేది. అయితే వెలుగు చూపునే విడదీస్తుంది, శబ్దాన్ని ఆపలేదు. బాబు చదివే రెండు గంటలు టీవీ ఆపి ఉంచడం అన్నది ఇంట్లో అందరూ కలిసి ఒప్పుకోవలసిన విషయం.

నాలుగో పని: పగటి వెలుగుకు అడ్డు తీయండి

బాల్కనీ తలుపు నుంచి భోజనాల బల్ల దాకా 3 అడుగులకు మించిన ఎత్తున్న వస్తువేదీ దారికి అడ్డంగా ఉండకూడదు. షోకేసు, పుస్తకాల అలమారా, బీరువా వంటివి పొడవుగోడలకే ఆనాలి. సోఫాకు వీపు తక్కువ ఎత్తులో ఉంటే మేలు. కాళ్లున్న సోఫా, కాళ్లున్న టీవీ యూనిట్ ఎంచుకుంటే వాటి కింద కూడా నేల కనబడుతుంది; కంటికి నేల ఎంత కనబడితే గది అంత విశాలంగా తోస్తుంది, చీపురు కూడా అందుతుంది.

తెరలు రెండు వరుసల్లో వేయండి. గాజు వైపు పలుచని తెల్లని తెర, దాని మీద మందపాటిది. పలుచని తెర ఎండను మెత్తబరిచి గదంతా పరుస్తుంది. పడమటి బాల్కనీకి మాత్రం తెర చాలదు, ఎందుకంటే గాజు దాటి లోపలికి వచ్చిన వేడిని తెర వెనక్కి పంపలేదు. బాల్కనీ బయటి అంచుకు వెదురు తడిక కట్టి, మూడు గంటలకు దించి, ఆరున్నరకు ఎత్తేయడం మా అనుభవంలో అన్నింటికంటే బాగా పనిచేసింది.

సీలింగ్ తెల్లగానే ఉంచండి. భోజనాల బల్ల వెనుక గోడకు కొంచెం ముదురు రంగు వేస్తే ఆ చోటు విడిగా కనబడుతుందని కొందరు చెబుతారు. పగటి వెలుగు అందని చోట ముదురు రంగు వేయవద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఆ గోడ మీద ఒక అద్దం పెడితే వెలుగు రెట్టింపయినట్టు కనబడుతుంది. అయితే పడమటి ఎండ నేరుగా పడే గోడకు మాత్రం అద్దం బిగించకండి, సాయంత్రమంతా అది కళ్లలో గుచ్చుతుంది.

నేల మీద హద్దు చూపడానికి జంపఖానా పరచవచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నూలువి కాబట్టి మన వేడికి, దుమ్ముకు తగినవి, దులిపి ఎండబెట్టుకోవచ్చు. సోఫా ముందు కాళ్లు జంపఖానా మీద ఉండేలా పరచండి. భోజనాల బల్ల కింద మాత్రం ఏమీ వద్దు, పప్పు మరక పోదు.

ఐదో పని: రాత్రి వెలుగును చోటుకొకటిగా పంచండి

హాలు విభజన నిజంగా కుదిరేదీ చెడేదీ ఇక్కడే. మన ఇళ్లలో అలవాటు ఏమిటంటే గోడ మీద 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు ఒకటో రెండో బిగించి, హాలంతా ఒకేలా తెల్లగా వెలిగించడం. మేము మరో అడుగు ముందుకేసి ఫాల్స్ సీలింగ్‌లో వరుసగా 12 డౌన్‌లైట్లు పెట్టించాము. పని చేసిన మనిషి అన్నింటినీ ఒకే స్విచ్చుకు కలిపాడు. స్విచ్చు వేయగానే హాలు దుకాణంలా వెలిగింది, ఎక్కడ కూర్చున్నా ఒకేలా ఉంది. పైగా రెండు డౌన్‌లైట్లు ఫ్యాను రెక్కల పైనే పడ్డాయి. ఫ్యాను తిరిగినంతసేపు నీడలు గోడల మీద చకచకా కదులుతూ ఉండడంతో పెద్దవారికి తల తిరిగినట్టయ్యేది. చివరకు సీలింగ్ మళ్లీ కోయించి, వైర్లు విడదీయించవలసి వచ్చింది. మీకు ఆ ఖర్చు తప్పాలనే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందు లెక్క తెలుసుకోండి. బల్బు ఇచ్చే మొత్తం వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ వెలుగు పడితే దాన్ని ఒక లక్స్ అంటారు. కూర్చొని మాట్లాడుకోవడానికి 100 లక్స్ చాలు, చదవడానికీ రాయడానికీ 300 నుంచి 500 వరకు కావాలి. మా కూర్చొనే చోటు 11 అడుగులు, 9 అడుగులు. అంటే సుమారు 9 చదరపు మీటర్లు. 100 లక్స్‌కు 900 ల్యూమెన్లు కావాలి. గోడలు, లాంపు షేడు మింగేది సగం అనుకుంటే 1,800. ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది కాబట్టి రెండు బల్బులతో పని జరుగుతుంది. రెండు చోట్ల మధ్య తేడా కంటికి స్పష్టంగా తెలియాలంటే ఒకచోట వెలుగు రెండోచోటికి మూడు రెట్లు ఉండాలి. కనుక నడుమనున్న 2 అడుగుల ఖాళీ మీద, దారి మీద ఏ దీపమూ నేరుగా వేలాడకూడదు. అటూ ఇటూ నుంచి జారిన వెలుగే దానికి చాలు.

రంగు సంగతి కూడా చూసుకోవాలి. బల్బు పెట్టె మీద కెల్విన్ అని ఉండే అంకె తగ్గినకొద్దీ వెలుగు పసుపుగా, పెరిగినకొద్దీ నీలి తెలుపుగా ఉంటుంది. దుకాణంలో ఏమీ చెప్పకపోతే ఎక్కువగా 6500 కెల్విన్ బల్బు చేతికి ఇస్తారు. కూర్చొనే చోటుకు, భోజనానికి 2700 నుంచి 3000, చదువు బల్లకు 4000 అడిగి తెచ్చుకోండి. నూనెదీపం వెలుగు సుమారు 1900 కెల్విన్ దగ్గర ఉంటుంది. దేవుడి అలమారా హాల్లోనే ఉంటే దాని పక్కన 6500 బల్బు పెట్టినప్పుడు దీపం వెలవెలబోవడానికి కారణం ఇదే. అక్కడ 2700 బల్బు చిన్నది చాలు. ఒకే చోటులో రెండు రంగుల వెలుగు కలపకండి. చోటు మారినప్పుడు రంగు మారితే మాత్రం అదే ఒక హద్దుగా పనిచేస్తుంది.

ఇక ఒక్కో చోటు.

భోజనాల బల్ల మీద వేలాడే దీపం అన్నింటికంటే బలమైన గుర్తు. దాని కింది అంచు బల్ల పైభాగం నుంచి 30 నుంచి 34 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఇంతకంటే పైకి పోతే వెలుగు గదంతా చెదిరిపోతుంది, కిందికి దిగితే ఎదురుగా కూర్చున్నవారి ముఖం కనబడదు. దాని వెడల్పు బల్ల వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు ఉంటే అందంగా ఉంటుంది. మన ఇళ్లలో చిక్కు ఏమిటంటే అదే చోట ఫ్యాను కొక్కెం ఉంటుంది. ఫ్యాను లేకుండా మే నెలలో అన్నం తినలేము. ఫ్యాను రెక్కల వ్యాసం 4 అడుగులు కాబట్టి దీపం ఫ్యాను మధ్యనుంచి కనీసం మూడున్నర అడుగుల దూరంలో పడేలా ఫ్యాను పాయింటును పక్కకు జరిపించండి. మా ఇంట్లో దాన్ని నడిమి ఖాళీ వైపు జరిపాము, గాలి రెండు చోట్లకూ అందుతోంది. వైరుతో వేలాడే దీపం ఆ గాలికి ఊగుతుంది, దాంతో కంచంలో నీడలు ఊగుతాయి. అందుచేత ఇనుప కడ్డీతో దిగేదాన్నే ఎంచుకోండి. సీలింగ్ లైట్లు కూడా రెక్క చివరి నుంచి ఒకటిన్నర, రెండు అడుగుల ఎడంగా ఉండాలి. వస్తువుల రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే సీఆర్‌ఐ అనే అంకె బల్బు పెట్టె మీద ఉంటుంది, ఇక్కడ అది 90 ఉంటే మంచిది. గోంగూర పచ్చడి, వంకాయ కూర వాటి అసలు రంగులో కనబడతాయి. 80 కంటే తక్కువున్న బల్బు కింద అంతా బూడిదరంగుగా ఉంటుంది.

కూర్చొనే చోట వెలుగు పైనుంచి రాకుండా పక్కనుంచి రావాలి. సోఫా మూలన నిలువు లాంపు ఒకటి, ఎదుటి గోడకు ఒక గోడ దీపం పెట్టి, వాటి వెలుగు భాగం నేల నుంచి నాలుగు, ఐదు అడుగుల మధ్య ఉండేలా చూడండి. మనుషుల ముఖాలు అప్పుడే మెత్తగా కనబడతాయి. నెత్తి మీదినుంచి పడే వెలుగులో కళ్ల కింద నీడలు పడి అందరూ అలసిపోయినట్టు కనబడతారు. టీవీ వెనుక గోడ మీద ఒక సన్నని స్ట్రిప్ లైటు ఉంటే చీకట్లో తెర కళ్లకు శ్రమ ఇవ్వదు.

చదువు బల్లకు షేడున్న టేబుల్ లాంపు, ఎడమవైపు. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద పడే చిన్న వెలుగు ఒకటి చాలు. మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సార్ బల్బు పెడితే చేతినిండా సంచులతో వచ్చినప్పుడు స్విచ్చు కోసం తడుముకోనక్కరలేదు. తలుపు తీసినప్పుడు వెలుగు ఆ 4 అడుగుల్లోనే ఉంటే, కారిడార్లో నిలబడ్డవారి చూపు అక్కడే ఆగుతుంది. లోపల సోఫా మీద కూర్చున్నవారు బయటికి అంతగా కనబడరు. పార్టిషన్ కావాలని అడిగేవారిలో చాలామందికి కావలసింది నిజానికి ఇదే.

ఆరో పని: స్విచ్చులు, ఇన్వర్టరు

చోటుకొక స్విచ్చు తప్పనిసరి. ఎలక్ట్రీషియన్‌కు నోటిమాటగా చెప్పకండి. హాలు బొమ్మ గీసి, ఏ స్విచ్చుకు ఏ దీపమో అంకెలు వేసి ఆయన చేతికి ఇవ్వండి, వైర్లు లాగడం అయ్యాక, సీలింగ్ మూయకముందు ఒక్కో స్విచ్చు వేయించి చూసుకోండి. గుమ్మం దీపానికీ, దారిలో ఉండే రాత్రి దీపానికీ రెండు చివరలా పనిచేసే టూ వే స్విచ్చు పెట్టించండి. వెలుగు తగ్గించే డిమ్మర్ కావాలంటే, బల్బు కూడా డిమ్మర్‌కు పనికివచ్చే రకమై ఉండాలి, లేకపోతే మినుకుమినుకుమంటుంది.

ఇన్వర్టరు లైనుకు హాల్లో సాధారణంగా ఒక లైటు, ఒక ఫ్యాను మాత్రమే ఇస్తారు. ఆ ఒక్క లైటు ఏదో మీరే నిర్ణయించండి. మేము భోజనాల బల్ల దీపాన్ని ఎంచుకున్నాము. కరెంటు పోయినప్పుడు పిల్లవాడు పుస్తకంతో, అత్తయ్యగారు పత్రికతో ఆ బల్ల దగ్గరికే చేరతారు.

అద్దె ఇంట్లో ఉన్నవారు వైర్ల జోలికి పోనక్కరలేదు. ఉన్న ట్యూబ్‌లైటును ఊడ్చేటప్పుడు, వెతుక్కొనేటప్పుడు వాడుకొని, సాయంత్రం నుంచి ప్లగ్గులో పెట్టుకొనే నిలువు లాంపు, టేబుల్ లాంపు, బల్ల మీదికి వంగే చేయి ఉన్న లాంపు, ఈ మూడింటితో హాలును విడదీసుకోవచ్చు. వైర్లను మాత్రం దారికి అడ్డంగా పోనీయకండి, గోడవెంటే నడిపించండి.

ఏడో పని: ఫోనుతో పరీక్షించండి

రాత్రి ఎనిమిది గంటలకు, మీరు రోజూ వేసే దీపాలన్నీ వేసి, గుమ్మం దగ్గర నిలబడి హాలును ఫోనుతో ఫోటో తీయండి. ఆ ఫోటోను నలుపు తెలుపుగా మార్చి చూడండి. రంగులు పోయాక వెలుగులోని తేడా ఒక్కటే మిగులుతుంది. బల్ల ఒక వెలుగుమడుగులా, సోఫా మరో మడుగులా, వాటి నడుమ కాస్త చీకటిపట్టీ కనబడితే మీ విభజన కుదిరినట్టే. అంతా ఒకే బూడిదరంగులో ఉంటే ఒక దీపం తీసేసి మళ్లీ ఫోటో తీయండి. కొత్త దీపం కొనడానికి ముందు ఉన్నదాన్ని ఆర్పి చూడడం మంచి పద్ధతి. మా 12 డౌన్‌లైట్లలో ఇప్పుడు వాడుతున్నవి నాలుగే.

ఒక వారం అలాగే గడిపి, ఇంట్లోవారు ఎక్కడ కూర్చుంటున్నారో గమనించండి. మీరు అనుకున్న చోట కాకుండా ఎవరైనా రోజూ కుర్చీ మరోచోటికి లాక్కుంటూ ఉంటే, వారిని ఆపకండి. దీపాన్ని అటు జరపండి. మా అత్తయ్యగారు మూడు రోజులు వరుసగా కూరగాయల బుట్ట తీసుకొని మేము ఖాళీగా ఉంచిన ఆ 2 అడుగుల నేల మీదనే, బాల్కనీ వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. ఉదయం తొమ్మిది గంటలకు అక్కడ ఎండ ఉండదు, బెండకాయలో పుచ్చు కనబడేంత వెలుగు మాత్రం ఉంటుంది. నాలుగో రోజు ఆవిడ కోసం అక్కడ ఒక పీట వేశాము. తరగడం అయిపోయాక దాన్ని తీసి వంటగదిలో పెడతారు, నేల మళ్లీ ఖాళీ అవుతుంది.